నూనె రంగుల్లో మనిషి బొమ్మ: కుంచె జాడను దాచకుండా వేయడం ఎలా

ఫోటో మీద గళ్లు గీసుకుని, పోలిక తెచ్చుకుని, మెత్తటి కుంచెతో చర్మాన్ని నున్నగా పామడం. మనలో చాలామంది మనిషి బొమ్మ ఇలాగే నేర్చుకున్నాం. పోలిక కుదురుతుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. కానీ ఆ మనిషి బరువు కుర్చీ మీద పడుతున్నట్టు ఉండదు, చర్మం కింద నెత్తురు పారుతున్నట్టు ఉండదు. కుంచె ఎక్కడ గట్టిగా నొక్కింది, ఎక్కడ తేలికగా జారింది అనే జాడలన్నీ చెరిపేసరికి, వేసేటప్పుడు మీరు చూసింది కూడా వాటితోపాటే పోతుంది.

డ్రాయింగ్ కొంత వచ్చి, నూనె రంగులు ఒకటి రెండుసార్లైనా వాడి చూసినవాళ్ల కోసం ఈ పాఠం రాస్తున్నాను. కిటికీ పక్కన కూర్చున్న తాతయ్యనో అమ్మమ్మనో ఎదురుగా చూస్తూ, ఒకటి రెండు సిట్టింగుల్లో బొమ్మ పూర్తి చేయడం ఎలాగో వరసగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఒక చోట వెలుగు ఎంత, చీకటి ఎంత అన్న లెక్కను చిత్రకారులు టోన్ అంటారు. టోన్ సరిగ్గా పడితే, ఆ చోట ఏ రంగు వేయాలన్న విషయంలో మీకు ఊహించనంత స్వేచ్ఛ దొరుకుతుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మతీస్ 1905లో తన భార్య ముఖాన్ని వేస్తూ నుదుటి మీంచి ముక్కు మీదుగా ఒక ఆకుపచ్చ చార గీశారు. ఆ బొమ్మ ఇప్పుడు కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ జాతీయ చిత్రశాలలో ఉంది. ముఖం మీద అంత ఆకుపచ్చ ఉన్నా మనకు ముఖమే కనిపిస్తుంది. ముఖంలో వెలుగు వైపు నీడ వైపు కలిసే చోటే ఆ చార నిలబడింది కాబట్టి కన్ను దాన్ని ఒప్పుకుంటుంది. కింద చెప్పేదంతా ఈ క్రమంలోనే నడుస్తుంది: ముందు టోన్, తర్వాత రంగు, ఆ రెంటినీ మోసేది కుంచె.

1. సామాన్లు

16 × 20 అంగుళాల కాన్వాస్ తీసుకోండి. ఇంతకంటే చిన్నదైతే చెయ్యి భుజం నుంచి కదలదు, వేళ్లే కదులుతాయి. కుంచెల్లో హాగ్ హెయిర్ రకం, అంటే పంది వెంట్రుకలతో చేసిన గట్టి కుంచెలు కావాలి. 8, 10, 12 నంబర్లలో ఫ్లాట్‌లు (కొస చదునుగా ఉండేవి), ఫిల్బర్ట్‌లు (కొస గుండ్రంగా ఉండేవి), చివరి చిన్న పనులకు ఒక 4 నంబర్ చాలు. మెత్తటి కుంచెలు ఈసారికి డబ్బాలోనే ఉండనివ్వండి. మెత్తటి కుంచెకి చిక్కటి రంగును ఎత్తే బలం ఉండదు, అందుకే దానితో పామడం తప్ప ఇంకో దారి దొరకదు. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ 1950ల చివర్లో మెత్తటి కుంచెలు వదిలి హాగ్ హెయిర్‌కి మారాకే ఆయన బొమ్మల్లో ఒంటికి అంత బరువు వచ్చింది.

రంగులు: టైటానియం వైట్ (పెద్ద ట్యూబ్), యెల్లో ఓకర్, కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ బ్లూ. మొదట్లో ఖరీదైన విదేశీ రకాలు అక్కర్లేదు, కామ్లిన్‌తో హాయిగా నేర్చుకోవచ్చు. ట్యూబ్ మీద 'ఫ్లెష్ టింట్' అని రాసి ఉన్న రంగు మాత్రం కొనకండి. అది మన ఒంటి రంగు కానే కాదు.

ఇంకా ఒక పాలెట్ నైఫ్ (రంగులు కలిపే పల్చటి కత్తి), కొంచెం టర్పెంటైన్, కొంచెం లిన్సీడ్ ఆయిల్, పాత నూలు గుడ్డలు చాలానే కావాలి. టర్పెంటైన్ బదులు కిరోసిన్ వాడొద్దు. అది జిడ్డు వదులుతుంది, రంగు సరిగ్గా ఆరదు.

ముందురోజే కాన్వాస్‌కి బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌లో బాగా పల్చగా కలిపి పూసి, గుడ్డతో తుడిచేయండి. లేత ఇటుక రంగు మిగలాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు, కానీ మన ఒంటి ఛాయలు వేసేవాళ్లకి ఇది చాలా అవసరం. తెల్ల కాన్వాస్ మీద ఏ గోధుమ రంగు పెట్టినా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. భయపడి అందులో తెలుపు కలుపుతాం, చివరికి చామనఛాయ మనిషి బూడిద పూసుకున్నట్టు తేలుతాడు.

2. వెలుగు, కూర్చోబెట్టడం

ట్యూబ్‌లైట్ ఆపేయండి. ఒక్క కిటికీ నుంచే, ఒక పక్క నుంచే వెలుగు రావాలి. యూరప్ పద్ధతిలో ఉత్తరపు కిటికీ మంచిదంటారు, అటువైపు నుంచి ఎండ నేరుగా లోపలికి రాదని. మనం ఉండేది కర్కాటక రేఖకి దక్షిణాన. మే, జూన్, జూలై నెలల్లో సూర్యుడు మనకి ఉత్తరంగా నడుస్తాడు కాబట్టి ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోనూ ఎండ పడొచ్చు. కిటికీకి పల్చటి తెల్ల పంచె అడ్డం కడితే చాలు, వెలుగు మెత్తబడి గంటల తరబడి ఒకేలా ఉంటుంది.

ఆకాశం నుంచి వచ్చే ఈ వెలుగు కాస్త నీలంగా, చల్లగా ఉంటుంది. అప్పుడు నీడలు వెచ్చగా, ఎరుపు గోధుమల్లో కనిపిస్తాయి. పాత పసుపు బల్బు కింద కూర్చోబెడితే ఇది తలకిందులవుతుంది: వెలుగు వెచ్చన, నీడ చల్లన. ఈ రెండింట్లో ఏది జరుగుతోందో ముందే తేల్చుకుని కాన్వాస్ మూల మీద రాసుకోండి. మధ్యలో మర్చిపోతే రంగులన్నీ ఒకదానితో ఒకటి తగువు పడతాయి.

పెద్దవాళ్లని కూర్చోబెడుతున్నారు కాబట్టి ఇరవై నిమిషాలకోసారి లేవనివ్వండి. పాదాలు, కుర్చీ కాళ్లు ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెడితే తిరిగి అక్కడే కూర్చోవచ్చు. నవ్వమని అడగొద్దు. కాసేపటికి భుజాలు దిగి, చేతులు ఒళ్లో వాటంతట అవే చేరతాయి. వేయాల్సింది ఆ భంగిమనే.

3. కుంచెతోనే డ్రాయింగ్

పెన్సిల్ వద్దు. పెన్సిల్ గీత ఉంటే దాని లోపల రంగు నింపాలనిపిస్తుంది. 8 నంబర్ కుంచెతో, టర్పెంటైన్‌లో పల్చబరచిన బర్న్ట్ సియెన్నాతో, నిలబడి, కుంచెను చివర పట్టుకుని గీయండి. చివర పట్టుకుంటే వివరాల్లోకి వెళ్లడం కుదరదు. ఇప్పటికి మనకి కావలసింది కూడా అదే.

ముందు వెతకాల్సింది బరువు ఎక్కడ ఆనుతోందన్నది. తాతయ్య బరువంతా ఎడమ తుంటి మీద ఉందా? అయితే భుజాల గీత ఎటు వాలింది? తల ఏ వైపు ఒరిగింది? భుజాలు, తుంటి, మోకాళ్లు, ఈ మూడు వాలు గీతలు సరిగ్గా పడితే కళ్లూ ముక్కూ లేకుండానే మనిషి ఎవరో తెలిసిపోతుంది. తప్పు గీతను గుడ్డతో తుడిచి మళ్లీ గీయండి. పావుగంటకి మించి ఇక్కడ ఉండొద్దు.

4. కళ్లు చికిలించి టోన్ పట్టుకోవడం

కళ్లు సగం మూసి మోడల్ వైపు చూడండి. వివరాలు పోయి రెండే రెండు ముద్దలు మిగులుతాయి: వెలుగు, నీడ. నీడ మొత్తాన్ని ఒకే ఆకారంగా చూడాలి. కంటి గుంట నీడ, ముక్కు పక్క నీడ, గడ్డం కింద నీడ, మెడ మీద నీడ అన్నీ కలిసి ఒక దేశపటంలా ఉంటాయి. ఆ ఆకారాన్ని బర్న్ట్ సియెన్నా, కొద్దిగా అల్ట్రామెరైన్ కలిపి, పల్చగా, పెద్ద కుంచెతో ఒకేసారి నింపండి. జుట్టు నీడ, ముఖం నీడ కలిసిపోతుంటే కలిసిపోనివ్వండి.

ఇప్పుడు ఫోన్‌తో మోడల్‌కి ఒకటి, కాన్వాస్‌కి ఒకటి నలుపు తెలుపు ఫోటోలు తీసి పక్కపక్కన చూడండి. ఫోటో చూసి బొమ్మ వేయమని కాదు, టోన్ సరిచూసుకోవడానికి ఇంతకంటే సులువైన సాధనం లేదు. మోడల్ కట్టుకున్న తెల్ల పంచె మీద పడ్డ నీడ చాలాసార్లు వెలుగులో ఉన్న బుగ్గ కంటే లేతగా ఉంటుంది. తెలుపు అని మనసుకి తెలుసు కాబట్టి ఆ తేడాను మనం ఇంకా పెంచి వేస్తాం. ఫోటో ఆ తప్పును పట్టిస్తుంది.

5. ఒంటి రంగులు కలపడం

కుంచె ముట్టుకోకముందే పాలెట్ నైఫ్‌తో కుప్పలు కలిపి పెట్టుకోండి. తక్కువ కలిపితే మధ్యలో అయిపోతుంది, మళ్లీ అదే ఛాయ కలపడానికి టెన్షన్ పడాలి, ఊపు పోతుంది. ఒక్కో కుప్ప నిమ్మకాయంత ఉండాలి.

చామనఛాయకి నాలుగు కుప్పలు సరిపోతాయి. వెలుగు వైపుకి యెల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు, కాడ్మియం రెడ్ చిటికెడు, తెలుపు కొద్దిగా. మధ్య ఛాయకి బర్న్ట్ సియెన్నా ఎక్కువ, ఓకర్ సగం, అలిజరిన్ కొంచెం. నీడకి బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్, అలిజరిన్. ఇందులో తెలుపు అసలు కలపొద్దు. నాలుగోది మెరుపు కుప్ప. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

ముదురు ఛాయ ఉన్న చర్మం మీద నుదుటి మెరుపు, ముక్కు కొన మెరుపు, భుజం మెరుపు చర్మం రంగుకి లేత రూపాలు కావు. అవి ఆకాశం తాలూకు ప్రతిబింబాలు. అందుకే కిటికీ వెలుగులో అవి నీలంగా, ఒక్కోసారి లేత ఊదాగా ఉంటాయి. అల్ట్రామెరైన్, తెలుపు, వాటిలో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపి చల్లటి బూడిద రంగు తయారు చేసుకోండి. వెచ్చటి గోధుమ పక్కన ఆ చల్లటి మచ్చ ఒక్కటి పెట్టి చూడండి, చర్మం నిగనిగలాడుతుంది. అదే చోట గోధుమలో తెలుపు కలిపి పెడితే సుద్ద రాసినట్టు ఉంటుంది.

మనిషి ఒళ్లంతా ఒకే రంగు ఉండదు. చెవులు, ముక్కు కొన, వేళ్ల కణుపులు, మోచేతులు ఎర్రగా ఉంటాయి, అక్కడ కాడ్మియం రెడ్ పెంచండి. నుదురు కాస్త పసుపు వైపు ఉంటుంది. గడ్డం గీసుకునే మగవాళ్ల దవడ దగ్గర బూడిద ఆకుపచ్చ కనిపిస్తుంది. అరచేతులు, అరికాళ్లు మిగతా ఒంటికంటే లేత. ఎండలో పనిచేసిన మనిషి ముంజేతికి, చొక్కా కింద దాగిన భుజానికి ఎంత తేడా ఉంటుందో గమనించండి. ఆ తేడాలో ఆయన చేసిన పని కనిపిస్తుంది. దాన్ని సర్ది ఒకే రంగు చేయకండి.

ఇన్ని రంగులతో తడబాటుగా ఉంటే స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో ప్రసిద్ధమైన నాలుగు రంగుల పాలెట్ పట్టుకోండి: తెలుపు, యెల్లో ఓకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్. వెర్మిలియన్ బదులు కాడ్మియం రెడ్ వాడొచ్చు. నలుపులో తెలుపు కలిపితే నీలం లాంటి బూడిద వస్తుంది, ఓకర్ కలిపితే ఆలివ్ ఆకుపచ్చ వస్తుంది. మొదటి రెండు మూడు బొమ్మలకి నేను ఇదే సిఫారసు చేస్తాను.

6. కుంచె వేయడం

ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి. రంగును కుంచె కొసకి ఒక పక్కన నిండుగా ఎత్తండి. కాన్వాస్ మీద ఆనించి, లాగి, ఎత్తేయండి. వెనక్కి వెళ్లి అదే చోట రుద్దొద్దు. నచ్చకపోతే నైఫ్‌తో గీకి మళ్లీ పెట్టండి, వేసినదాన్ని మాత్రం పామి సర్దొద్దు. తడి రంగు మీద తడి రంగు పెడుతున్నారు కాబట్టి కింది రంగు కుంచెకి అంటుతుంది. రెండు మూడు స్ట్రోక్‌లకోసారి కుంచెను గుడ్డతో తుడవండి. తుడవకపోతే అరగంటలో అన్ని రంగులూ ఒకటే బురద అవుతాయి.

ఏ దిక్కుగా లాగాలి? దీనికి రెండు దారులు ఉన్నాయి. ఎముక గట్టిగా ఉన్న చోట, అంటే నుదురు, దవడ, మోకాలి చిప్ప, భుజం ఎముక దగ్గర, ఆకారం మలుపుకి అడ్డంగా పొట్టి స్ట్రోక్‌లు పెట్టండి. ఒక్కో స్ట్రోక్ ఒక్కో పలక అవుతుంది, గట్టిదనం వస్తుంది. కండ, కొవ్వు, వదులైన చర్మం ఉన్న చోట ఆకారం వెంటే పొడవుగా, వంపుగా లాగండి. అమ్మమ్మ పై చేతి కింద వేలాడే చర్మాన్ని ఒక్క పొడవాటి వంపు చెప్పినంతగా పది చిన్న గీతలు చెప్పలేవు. బట్టకి ఇంకో నడక కావాలి: మడత పుట్టిన చోట నొక్కి, అది ఆరిపోయే చోట కుంచెను గాల్లోకి వదిలేయండి.

వెలుగు మందంగా, నీడ పల్చగా ఉంచండి. మందపు రంగు గదిలోని వెలుగును పట్టుకుని మెరుస్తుంది, పల్చటి నీడలోంచి కింది ఇటుక రంగు తొంగి చూస్తూ లోతు ఇస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్న రెంబ్రాంట్ చిత్రం 'యూదు వధువు'లో పెళ్లికొడుకు చొక్కా చెయ్యిని పెద్ద ఫోటోలో వెతికి చూడండి. బంగారు రంగు గట్టు కట్టినట్టు లేచి ఉంటుంది. అదే చిత్రంలో నీడలు ఎంత నెమ్మదిగా ఉన్నాయో కూడా చూడండి. అంతా మందంగా పూస్తే మందానికి విలువ ఉండదు.

చేతులు వేయడానికి భయపడేవాళ్లు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ దగ్గరికి వెళ్లాలి. ఆయన ఎనభై దాటిన వయసులో, 1664 ప్రాంతంలో, హార్లెమ్ వృద్ధాశ్రమం నిర్వాహకురాళ్ల బొమ్మ వేశారు. అందులో ఒక్కో చెయ్యి కొద్ది స్ట్రోక్‌లే, వేళ్లు విడివిడిగా లెక్కపెట్టి వేసినవి కావు. అయినా అవి ముసలి చేతులని, ఒకటి గట్టిగా ఉందని, ఇంకొకటి అలిసిందని తెలుస్తుంది. మీరూ ముందు చెయ్యి మొత్తాన్ని ఒకే ఆకారంగా వేసి, వెలుగు పడిన రెండు కణుపులు మాత్రం పెట్టి ఆపండి.

అంచుల గురించి ఒక మాట. ఒంటి చుట్టూ అంతటా ఒకే పదును ఉంటే అట్టముక్క కత్తిరించి అంటించినట్టుంటుంది. వెలుగు వైపు ఒకటి రెండు చోట్ల పదునుగా ఉంచి, నీడ వైపు భుజాన్ని వెనకాల గోడ రంగులోకి కలిసిపోనివ్వండి. ఆ కలిసిన చోటును చూసేవాళ్ల కన్ను తనే పూర్తి చేసుకుంటుంది.

7. రంగును ముందుకు నెట్టడం

టోన్ నిలబడింది, ఆకారం నిలబడింది. ఇప్పుడు కంటికి లీలగా తోచిన రంగును గట్టిగా చెప్పే సమయం. అమ్మమ్మ ఎర్రటి చీర కట్టుకుందా? ఆ ఎరుపు గడ్డం కిందికి, మోచేతి లోపలికి ప్రతిఫలిస్తుంది. కన్ను చూసినదానికంటే రెండింతలు ఎరుపు అక్కడ పెట్టండి. టోన్ మాత్రం మారకూడదు, నీడ ఎంత ముదురో ఎరుపు కూడా అంతే ముదురుగా ఉండాలి. పెట్టాక మళ్లీ నలుపు తెలుపు ఫోటో తీయండి. ఆ చోటు ఫోటోలో బయటికి పొడుచుకురాకపోతే మీ రంగు చెల్లింది.

తెగించే చోట్లు ఒకటి రెండే ఉండాలి. నీడలో ఊదా, మెడ దగ్గర ఆకుపచ్చ, జుట్టులో నీలం, గోడకి నారింజ అన్నీ ఒకే బొమ్మలో పెడితే ఏదీ వినిపించదు. మిగతా బొమ్మ ఎంత అణకువగా ఉంటే ఆ ఒక్క రంగు అంత బలంగా ఉంటుంది.

ఈ విద్య మన ఛాయలతో నేర్చుకోవడానికి అమృతా షేర్‌గిల్ (1913–1941) కంటే మంచి గురువు నాకు కనిపించరు. పారిస్‌లో చదివి వచ్చిన ఆవిడ దక్షిణ భారతం తిరిగాక, 1937లో వేసిన 'బ్రహ్మచారులు' చిత్రంలో ముదురు గోధుమ ఒళ్లు, తెల్ల పంచెలు, వెనకాల ఇటుక ఎరుపు ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. ఏ ఒంటినీ తెల్లబరచలేదు. ఒక్కో ఒంటి గోధుమ ఒక్కో రకం: ఒకటి ఎరుపు వైపు, ఇంకొకటి ఆకుపచ్చ వైపు. ఢిల్లీ వెళ్తే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆవిడ బొమ్మల ముందు ఒక పూట గడపండి. తెలుగు నేల మీదైతే రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) గ్యాలరీ ఉంది. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండానే వెళ్లిపోయిన ఆ చిత్రకారుడు మనుషుల ఒంటి వంపుల్ని ఎంత శ్రద్ధగా చూశాడో అక్కడ తెలుస్తుంది.

8. బురదైతే

ఒక చోట రంగు మురికి అయింది. దాని మీద ఇంకో రంగు వేస్తే మురికి ఇంకా పెరుగుతుంది. నైఫ్‌తో గీకేయండి. అమెరికన్ పోర్ట్రెయిట్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ నచ్చని తలను మొత్తం గీకేసి మళ్లీ మొదటి నుంచి వేసేవారు. ఇంకో ఉపాయం లండన్ స్లేడ్ స్కూల్‌లో పాఠం చెప్పిన హెన్రీ టాంక్స్ పేరు మీద ఉంది: తడి బొమ్మ మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, అరచేత్తో నొక్కి, నెమ్మదిగా లేపండి. అదనపు రంగు కాగితానికి అంటి, బొమ్మ మసకగా మిగులుతుంది. ఆ మసక మీద రెండో రోజు వేయడం ఎంతో హాయిగా ఉంటుంది.

కొత్త స్ట్రోక్ పెట్టడానికి కారణం చెప్పలేనప్పుడు ఆపేయండి. ఒక మూల ఖాళీగా, పాదాలు పల్చటి గీతల్లోనే ఉన్నా ఫరవాలేదు.

9. ఆరడం, జాగ్రత్తలు

రెండో సిట్టింగ్‌లో వేసే పొరలో మొదటిదానికంటే నూనె పాలు ఎక్కువ ఉండాలి. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే, పై పొర ముందు ఆరిపోయి తర్వాత పగుళ్లిస్తుంది. నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి మందపు తెలుపు పైన ఆరినట్టున్నా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. వానాకాలంలో ఇంకా ఆలస్యం. కాన్వాస్‌ను చెమ్మగోడకి ఆనించి పెడితే వెనక బూజు పడుతుంది, అందుకే గాలి ఆడేలా నిలబెట్టండి.

లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి, తమంతట తామే అంటుకునే ప్రమాదం ఉంది. మన ఎండల్లో ఇది నిజమైన భయం. పని అయ్యాక వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీ తెరిచే ఉంచాలి. కాడ్మియం అంటిన చేతుల్తో ఏమీ తినొద్దు.

కుంచెల్ని ముందు గుడ్డతో, తర్వాత టర్పెంటైన్‌లో, చివరికి మామూలు సబ్బుతో అరచేతిలో రుద్ది, నురగ తెల్లగా వచ్చేదాకా కడిగి, పడుకోబెట్టి ఆరబెట్టండి. వార్నిష్‌కి తొందర లేదు. ఆరు నెలల నుంచి ఏడాది ఆగి, అన్నిటికంటే మందంగా ఉన్న స్ట్రోక్‌ను గోటితో మెల్లగా నొక్కి చూడండి. గోరు దిగితే ఇంకా ఆగాలి. దిగకపోతే, వాన లేని రోజు చూసి, మెత్తటి వెడల్పు కుంచెతో ఒకే ఒక పల్చటి పూత వేయండి.